మేమే తీసిన కరెంటు

ఏటా ఎండలు ముదరకముందే మా ఆరోగ్య కేంద్రంలో ఒక మీటింగ్ జరుగుతుంది. కుర్చీలు సరిపోక ఆశా కార్యకర్తలం చాలామందిమి గోడకు ఆనుకొని నిలబడతాం. జిల్లా నుంచి వచ్చిన అధికారి వేసవి ప్రణాళిక చదువుతాడు. చలివేంద్రాలు ఎక్కడెక్కడ పెట్టాలో, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఎట్లా పంచాలో, వడదెబ్బ తగిలినవాళ్ల కోసం ఏ గదిలో మంచం వేసి కూలర్ పెట్టాలో చెబుతాడు. చివరికి మా చేతుల్లో తలా ఒక పోస్టర్ల చుట్ట పెడతారు. పైన మండే సూర్యుడు, కింద గొడుగు పట్టుకున్న మనిషి, ఆ కింద పెద్ద అక్షరాలు: మధ్యాహ్నం బయటికి రావద్దు, లోపల నీడపట్టున ఉండండి. మా వార్డులో ఆ పోస్టర్‌ను సాంచాల కార్ఖానా గోడకు అంటించేది నేనే. నలుగురి కళ్లు పడే గోడ అదే కాబట్టి.

సాంచాలంటే మరమగ్గాలు. మా ఊళ్లో సగం ఇళ్లకు అవే ఆధారం. కార్ఖానా యజమానిని ఆసామి అంటాం, ఆయనకు నూలూ ఆర్డర్లూ ఇచ్చే వ్యాపారిని సేటు అంటాం. మా ఆయన మీసాలు రాకముందు నుంచీ అదే పనిలో ఉన్నాడు. మా వీధిలోని ఆసామి దగ్గర నాలుగు సాంచాలు నడిపేవాడు. నేసిన మీటర్లను బట్టి కూలి.

ఆ కార్ఖానా లోపలి గాలి ఎట్లా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. నూలు పోగుకు తడి కావాలి. గాలి పొడిబారితే పోగు తెగుతుంది, తెగిన ప్రతిసారీ సాంచా ఆగుతుంది, ఆగిన సాంచాకు కూలి లేదు. అందుకని ఎండాకాలం నేలంతా నీళ్లు చల్లుతారు. కిటికీలకు తడిపిన గోనె సంచులు కడతారు. పోగులు చెదురుతాయని ఫ్యాన్లు వేయరు. పైన రేకులు. పోగుకు హాయిగా ఉండే ఆ గాలిలో మనిషి ఇడ్లీలా ఉడుకుతాడు.

మా ఆయన పడిపోయిన రోజు నేను వేరే వాడలో ఒక బాలింతను చూడటానికి వెళ్లాను. ఫోన్ వస్తే పరుగెత్తాను. ఆయన కార్ఖానా లోపలే, సాంచాల నడుమ సందులో, నవారు మంచం మీద ఉన్నాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు. చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంది. గోడను చూసి నూలు కండెలు తెమ్మంటున్నాడు. పొద్దున్నే తాగి వచ్చాడేమో అని పక్కవాళ్లు మొదట అనుకున్నారట. ఇంతసేపు బయటికి ఎందుకు తేలేదని అడిగాను. ఆసామి వరసకు నాకు అన్న. ఆయన గోడ వైపు చూపించాడు.

“నువ్వే గద చెల్లె అంటిచ్చినవ్. పగటీలి బయటికి రావద్దని రాసున్నది. గందుకే లోపట్నే పండవెట్టినం.”

ఆ మాటలో ఎగతాళి లేదు. మా వార్డులో ఆ పోస్టర్‌ను నమ్మి దాని ప్రకారం నడుచుకున్నది బహుశా ఆయనొక్కడే.

మంచంతో సహా బయట వేపచెట్టు కిందికి మోశాం. బిందెలతో నీళ్లు కుమ్మరించి, ఆటోలో ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాం. ఆయన బతికాడు. మా ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ పెద్దపల్లి అమ్మాయి, ఉద్యోగానికి కొత్త. ఇంటికి పంపేముందు నన్ను పక్కకు పిలిచింది. ఒకసారి ఇట్లా దెబ్బతిన్న ఒళ్లు మళ్లీ వేడిని మునుపటిలా తట్టుకోదని, ఇంకోసారి పడితే ఆస్పత్రి దాకా రాకపోవచ్చని చెప్పింది. మధ్యాహ్నాలు ఆ పని మానిపించమంది. ఆ మాట ఇంట్లో చెబితే ఆయన నవ్వాడు. ఈ వయసులో ఇంకో పని ఎవడిస్తాడని అడిగాడు. వానలు పడగానే సాంచాల మీదికి వెళ్లిపోయాడు. నాకు మాత్రం అప్పటి నుంచే వచ్చే ఎండాకాలం మొదలైంది.

నేను పదో తరగతి గట్టెక్కలేదు. అయినా మా ఊరి శాఖా గ్రంథాలయంలో నేను తెరవని అల్మారా లేదు. ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతాను. అక్కడ మగవాళ్లు పేపర్ల చుట్టూ మూగుతారు. కిటికీ పక్క కుర్చీ నాది. అట్టలు ఊడిన వైద్య పుస్తకాలు, కుట్టి పెట్టిన పాత ఆరోగ్య పత్రికలు, చిన్నపిల్లల సైన్సు పుస్తకాలు, ఏది దొరికితే అది చదివాను. ఆ ఏడు చలికాలమంతా ఒళ్లు వేడిని ఎట్లా వదిలించుకుంటుందో వెతుక్కుంటూ చదివాను. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుందని ఒక చోట ఉంది. గాలిలో ముందే తడి నిండి ఉంటే చెమట ఆరదు. ఈ రెండు ముక్కలు చదివి పుస్తకం మూశాను. మా కార్ఖానాల గురించి ఆ రాసినవాళ్లకు తెలియదు. కానీ రాసిందంతా మా కార్ఖానాల గురించే.

మీటింగు వచ్చింది. నేను గోడ దగ్గరి నుంచి చెయ్యి ఎత్తాను. మా వార్డులో మనుషులు పడేది బయట కాదు, లోపల అని చెప్పాను. తడిగాలి సంగతి, చెమట సంగతి చదివింది చదివినట్టు చెప్పాను. ఇదంతా ఎక్కడ చదివావమ్మా అని అధికారి అడిగాడు. గ్రంథాలయంలో సార్ అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అధికారి చెడ్డవాడేమీ కాదు. ఓపికగానే జవాబు చెప్పాడు. ప్రణాళిక పైనుంచి వస్తుందట. కార్ఖానాల లోపలి సంగతి వేరే శాఖదట. పడ్డ తర్వాత మనిషి మా శాఖ కిందికి వస్తాడు. పడకముందు ఎవరి కిందికి వస్తాడో ఆ గదిలో ఎవరికీ సరిగా తెలియదు.

డాక్టరమ్మ మాత్రం ఆ వారమే, ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు, నా వెంట కార్ఖానాకు వచ్చింది. వేడి కొలిచే సాధనం తెచ్చింది. బయటికంటే లోపల ఎక్కువ చూపించింది. అడుగు పెట్టగానే ఆమె కళ్లద్దాల మీద ఆవిరి కమ్మి ఏమీ కనబడక నిలబడిపోయింది. కళ్లద్దాలకే చెమటలు పడుతున్నాయంటూ ఆసామి స్టూలు తెచ్చి వేయించాడు. మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు సాంచాలు ఆపితే ఏమవుతుందని ఆమె అడిగింది.

“నేనొక్కన్నే బందు వెడ్తె పక్కోడు నడిపిస్తడు మేడం. నా ఆర్డర్ ఆని కార్ఖానాకు వోతది. సేటు కరీంనగర్ల ఏసీల కూసుంటడు, ఆయనకు ఎండ గిండ తెల్వది.”

ఆయన అన్నది నిజమే. ఎవరిని అడిగినా అదే మాట. అందరికీ ఆపాలనే ఉంది, ముందు ఆపేవాడే లేడు.

తర్వాత వీధి చివర హోటల్ దగ్గర చాయ్ తాగుతున్నాం. ఆసామి పాత రోజుల ముచ్చట తీశాడు. మునుపు కరెంటు కోతలు ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోయేది. కూలీలు గోడ నీడన తువ్వాలలు పరుచుకొని పడుకునేవాళ్లు. సేటు ఫోన్ చేస్తే కరెంటు లేదు సేట్ అంటే అయిపోయేది. ఆ తర్వాత ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. ఊరంతా సంబరపడ్డాం. ఆ రోజు నుంచి సాంచా ఆగింది లేదు, మనిషి కూర్చున్నది లేదు. “గా కోతలే నయముండె మేడం. గిప్పుడు మనిషికి ఆగనీకె సాకే లేకపాయె,” అన్నాడు ఆసామి. అందరూ నవ్వారు.

డాక్టరమ్మ నవ్వలేదు. “మరి ఇప్పుడు గూడ పోయిందనుకోరాదు?” అంది.

ఆమె అన్నది మామూలుగానే. ఆ మాట పట్టుకొని కార్ఖానా కార్ఖానాకు తిరిగింది నేను. తిరగ్గా తిరగ్గా ఒక ఒప్పందం కుదిరింది. ఎండ మితిమీరిన రోజు పొద్దున్నే డాక్టరమ్మ నాకు ఫోన్ చేస్తుంది. నేను మా ఆసామికి చెబుతాను. ఆయన మిగతా ఆసాములకు చెబుతాడు. మధ్యాహ్నం అన్నాల తర్వాత వీధిలో అందరూ ఒక్కసారే మెయిన్ స్విచ్ కిందికి దించాలి. ఎదురు గోడ నీడ రోడ్డు దాటాక మళ్లీ ఎత్తాలి. ఆసాములు ఒక్క షరతు పెట్టారు. బందు పెట్టామని ఎవరూ అనకూడదు. కరెంటు పోయిందనే అనాలి. బందు అంటే సేటు దగ్గర మాట పోతుంది, కరెంటు పోతే ఎవరూ ఏమీ అనరు. కూలీలకు కూడా అదే నచ్చింది. ఎండకు ఓర్వలేక ఆగాను అని చెప్పుకోవడానికి మగవాడికి నోరు రాదు.

మొదటి రోజు స్విచ్‌లు దించగానే వీధి మూగబోయింది. సాంచాల చప్పుడులో పుట్టిన పసిపిల్లలు ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి ఏడ్చారు. మా కులంలో ఎవరైనా పోతే సాంచాలు ఆపడం ఆనవాయితీ. బీడీలు చుట్టుకుంటున్న ఒక ముసలమ్మ చేట పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చింది.

“ఎవలు వోయిండ్రే?”

ఎవరూ పోలేదు, కరెంటు పోయిందన్నాను. తన ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది కదా అంది. ఇంతలో ఎవరో కరెంటు ఆఫీసుకు ఫోన్ కూడా చేశారు. లైన్‌మన్ ఆ ఎండలో బండి మీద వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ తిరిగాడు. “ఇండ్లల్ల టీవీలు నడుస్తున్నయ్. సాంచాలకొక్కటే వోయిందా మీ కరెంటు?” అని అడిగాడు. ఆసామి ఆయన భుజం మీద చెయ్యి వేసి చాయ్‌కి తీసుకుపోయాడు. ఆ తర్వాత సేటు ఫోన్. మాట్లాడుతుండగా వెనక ఇంట్లోంచి టీవీ సీరియల్ ఏడుపు వినిపిస్తే, అది ఇన్వర్టర్ మీద నడుస్తోందని ఆసామి చెప్పాల్సి వచ్చింది. రెండో రోజు నుంచి మధ్యాహ్నాలు టీవీల గొంతు తగ్గించాలని వీధిలో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది.

ఆగిన మనుషులు ఎక్కడ కూర్చోవాలన్నది నేను ముందు ఆలోచించలేదు. మా ఇళ్లు కూడా రేకులవే. ఆరోగ్య కేంద్రంలో కూలర్ గది ఉంది, కానీ ఒళ్లు బాగుండి ఆస్పత్రిలో పడుకోవడానికి ఎవరూ రాలేదు. గ్రంథాలయానిది పెద్ద పెంకుల కప్పు, ఎత్తైన గది, మా ఊళ్లో అంత చల్లని చోటు లేదు. అయితే అది పొద్దునా సాయంత్రమే తెరుస్తారు. మధ్యాహ్నం తెరవరాదా అని అడిగాను. వేళలు మార్చడం తన చేతిలో లేదని గ్రంథపాలకుడు బాధపడుతూనే చెప్పాడు. చివరికి ఎవరి గోడ నీడన వాళ్లే కూర్చున్నారు. మా ఆయన ఇంట్లో తడి దుప్పటి కప్పుకొని పడుకునేవాడు. చప్పుడు లేక నిద్ర పట్టడం లేదని విసుక్కునేవాడు. కానీ రాత్రి కంచం నిండా అన్నం తిన్నాడు. కిందటి ఎండాకాలం ఆయన అట్లా తిన్నది నాకు గుర్తు లేదు.

వేసవి సగం గడిచింది. మా వార్డులో ఒక్కరు కూడా పడలేదు. సమీక్ష మీటింగులో అధికారి ఏ వార్డులో ఎన్ని కేసులో చదివాడు. మా దగ్గరికి వచ్చేసరికి సున్నా. సంతోషమన్నాడు. అయితే మీ కూలర్, ఐసు పెట్టె అవసరమున్న వేరే కేంద్రానికి పంపుదామన్నాడు. ఆ కేంద్రంలో నిజంగానే మనుషులు పడుతున్నారు. కాదనడానికి లేదు. మా సున్నా ఎట్లా వచ్చిందో చెప్పాలని డాక్టరమ్మ లేచింది. నా వైపు చూసింది. చెబితే ఏమని చెప్పాలి? లేని కరెంటు కోత ఉందని రోజూ ఊరందరం అబద్ధమాడుతున్నామని మీటింగులో రాయించాలా? సేటు చెవిన పడితే అంతా ఒక్క రోజులో పోతుంది. ఆమె కూర్చుంది. పడిన మనిషిని లెక్క వేయడానికి రిపోర్టులో గడి ఉంది. పడకుండా ఇంటికి వచ్చి అన్నం తిన్న మనిషికి లేదు.

కొన్నాళ్లకే ఆమెను ఆదిలాబాద్ వైపు డిప్యుటేషన్ మీద పంపారు. అక్కడి అడవి ఊళ్లలో వానలకు ముందే జ్వరాల పని మొదలు పెట్టాలట. ఇప్పుడు ఎండలు పోకముందే జ్వరాల కాలం తోసుకొస్తోంది. ఉన్న కొద్దిమంది డాక్టర్లను ఎటు లాగాలో పైవాళ్లకూ తోచదు. వెళ్లేముందు ఆమె నాకు ఫోన్‌లో వాతావరణం చూడటం నేర్పింది. ఇక రోజూ పొద్దున్నే ఆ తెరలో చూసి, ఈ రోజు కరెంటు పోవాలా వద్దా అని తేల్చేది నేనే. కొన్ని రోజులు ఆసాములు నా మాట విన్నారు. కొన్ని రోజులు ఫోన్ ఎత్తలేదు.

రోహిణి కార్తెలో స్కూలు బట్టల ఆర్డర్ వచ్చింది. బడులు తెరిచేలోపు బట్ట అందాలి. ఆ మధ్యాహ్నం మా ఆయన దుప్పటి కింద పడుకొని ఉన్నాడు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఎదురు కార్ఖానాలో ఒక సాంచా కదిలిన చప్పుడైంది. ఆ వెంటనే ఇంకొకటి. ఆయన దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు.

“నడుస్తున్నయ్.”

“నడవనియ్యి.”

“అవి నా సాంచాలే. వాటి సప్పుడు నాకెర్కలేదా? ఎవన్నో ఎక్కిచ్చిండు.”

“డాక్టరమ్మ ఏం జెప్పిందో యాదికున్నదా నీకు?”

“ఉన్నది. ఇయ్యాల పోకపోతే రేపు గవి నాయి గావు. గది గూడ యాదికున్నది.”

చొక్కా తొడుక్కొని బయటికి నడిచాడు. కొంగు నెత్తి మీద వేసుకొని నేనూ వెనకే వెళ్లాను. రోడ్డు దాటే ఆ కాసేపటికే అరికాళ్లు చెప్పుల్లోంచి కాలాయి. ఆసామి గుమ్మంలోనే ఉన్నాడు. ఏంది అన్నా ఇది అని అడిగాను. ఆయన నా మొఖం చూడలేదు.

“కరెంటు అచ్చింది చెల్లె.”

పోనేలేదు కదా, ఎట్లా వస్తుంది అని ఆ వీధిలో ఎవరైనా అడగవచ్చు, నేను తప్ప. పోయిందని ఇంటింటికీ చెప్పింది నేనే. బందు అనే మాట మేమెవరం ఎన్నడూ అనలేదు, కాబట్టి ఆయన ఏ మాటా తప్పలేదు. మాట ఇచ్చి ఉంటే మాట తప్పావనేదాన్ని. కరెంటు మాట ఇవ్వదు.

లోపలి ఆవిరి గుమ్మం దాటి మొహాలకు కొట్టింది. మా ఆయన సాంచాల దగ్గర ఒక యువకుడు ఒంటి మీద బనియను కూడా లేకుండా నిలబడి ఉన్నాడు. మా ఆయన దర్వాజ పట్టుకొని చాలాసేపు అటే చూశాడు. వద్దని చెప్పే ఓపిక నాలో మిగల్లేదు. పొమ్మనే ధైర్యం కూడా లేదు.

“బావా,” అన్నాడు చివరికి. “నాకింక రాలే కరెంటు. అచ్చినంక జెప్పు.”

“సాంచాలు ఖాళీగ పెట్టలేను మరి,” అన్నాడు ఆసామి.

“ఎర్కనే.”

అని గుమ్మం పక్కన గోడ నీడలో కూలబడ్డాడు. కోపంగా లేడు. ఓడిపోయినట్టూ లేడు. బాగా అలసిపోయినవాడిలా ఉన్నాడు. కాసేపు నేనూ పక్కన కూర్చున్నాను. నెలలు నిండిన ఒకామెను చూడటానికి వెళ్లాల్సి ఉండటంతో లేచాను.

ఆ సాయంత్రమే మా ఆయన నాలుగు సాంచాల్లో రెండు ఆ యువకుడివైపోయాయి. వానలు పడేదాకా వీధి అంతా మధ్యాహ్నాలు నడిచింది. వేరే కార్ఖానాలో ఒకతను పడ్డాడు. కూలర్ లేని గదిలో తడి గుడ్డలతోనే అతని ప్రాణం నిలబెట్టాం. డాక్టరమ్మ ఆదిలాబాద్ నుంచి ఫోన్‌లో చెబుతూ ఉంటే నేను చేశాను. ఆ ఒక్క కేసు లెక్కలోకి ఎక్కింది కాబట్టి ఈ ఏడు మా గదికి కూలర్ మళ్లీ ఇచ్చారు. పోస్టర్ మీద మాత్రం ఆ పాత అక్షరాలే ఉన్నాయి. లోపల పనిచేసేవాళ్ల గురించి ఒక్క వాక్యం చేర్చమని రాసి ఇచ్చాను. పైకి పంపుతామన్నారు.

మా ఆయన ఇప్పుడు తెల్లవారుజామున వెళ్లి మిగిలిన రెండు సాంచాలు నడిపి, ఎండెక్కేసరికి వచ్చేస్తాడు. తగ్గిన కూలికి తోడుగా నేను రాత్రిపూట బీడీలు చుడుతున్నాను. మధ్యాహ్నం ఆయన దుప్పటి కింద పడుకుంటాడు కానీ నిద్రపోడు. ఎదుటి చప్పుడు వింటూ ఉంటాడు. ఆ యువకుడు సాంచాలకు నూనె సరిగా వేయడం లేదని, కిటికీ పక్కది ఈ వారంలో ఆగిపోతుందని, కళ్లు మూసుకొనే నాతో చెబుతాడు.